విశ్రాంతి ఒక్కటే చాలదు

‘ఇక మీరేమీ చేయనక్కరలేదు, హాయిగా కూర్చోండి.’ వయసు పైబడిన తల్లిదండ్రులతో పిల్లలు ప్రేమతోనే పలికే మాట ఇది. జీవితమంతా శ్రమించిన వారికి కాస్త విశ్రాంతి కల్పించాలన్న కోరిక మెచ్చదగినదే. కాని ఆ మాట విన్న మరునాటినుండి వారి దినచర్య ఎలా ఉంటుందో మనం ఆలోచించం. ఉదయం టీ, మధ్యాహ్నం భోజనం, రాత్రి మాత్రలు. నమాజు వేళలు తప్ప ఆ రోజులో వారికంటూ వేరే పని ఉండదు. మిగిలిన గంటలన్నీ కిటికీవైపు చూస్తూ గడిచిపోతాయి. ఇంటిలో పరిస్థితే ఇలా ఉంటే, అయినవారికి దూరంగా ఆశ్రమంలో మంచం పట్టిన వారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు నిండినవారు సుమారు 10.38 కోట్ల మంది. పిల్లలు గల్ఫ్ దేశాలకో అమెరికాకో వెళ్లిపోగా పెద్దవారు ఒంటరిగా మిగిలిన ఇళ్లు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు ఒక్కటైనా, కనీసం 150 మందికి సరిపడే ఆశ్రమాలు నెలకొల్పే వీలును 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకు కల్పించింది. ఆ ఆశ్రమాలలో వైద్యంతోపాటు వినోద సాధనాలు కూడా ఉండాలని అదే చట్టం చెబుతున్నది. అయితే వినోదమంటే గోడకు ఒక టీవీ తగిలించడమేనని మనం సరిపెట్టుకుంటున్నాం. వృద్ధులకు నిజంగా కావలసినది అదేనా? ఈ ప్రశ్నకు కొన్ని దేశాలలో ఆచరణపూర్వకమైన సమాధానాలు లభించాయి.

1991లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, న్యూ బెర్లిన్ అనే చిన్న పట్టణపు నర్సింగ్ హోమ్‌కు బిల్ థామస్ అనే యువ వైద్యుడు బాధ్యుడిగా వచ్చాడు. ఆ హోమ్ పేరు చేస్ మెమోరియల్. అక్కడ సుమారు 80 మంది వృద్ధులు ఉండేవారు. మందులకు లోటు లేదు, శుభ్రతకు లోటు లేదు. అయినా ఆ ఇంటిలో జీవకళ లేదు. వారిని పీడిస్తున్నవి మూడు వ్యాధులని ఆయన తేల్చి చెప్పాడు. అవి ఒంటరితనం, నిస్సహాయత, విసుగు. ఈ మూడింటికీ ఏ మందుల దుకాణంలోనూ మాత్ర దొరకదు.

ఆయన చేసిన చికిత్స వింతైనది. గదులలో వందలాది మొక్కలు పెట్టించాడు. వంద చిన్న చిలుకలను తెప్పించాడు. రెండు కుక్కలు, నాలుగు పిల్లులు, కొన్ని కుందేళ్లు, గుడ్లు పెట్టే కోళ్లు వచ్చి చేరాయి. ఖాళీ స్థలం కూరగాయల తోటగా మారింది. సిబ్బంది పిల్లలు బడి విడిచిన తరువాత అక్కడికే వచ్చి ఆడుకొనే ఏర్పాటు జరిగింది. పెదవి విప్పరనుకున్న కొందరు మాట్లాడసాగారు. నడవలేరనుకున్నవారు ‘కుక్కను నేను తిప్పుకొని వస్తాను’ అని లేచి వచ్చారు. సమీపంలోని మరొక నర్సింగ్ హోమ్‌తో రెండేళ్లపాటు పోల్చి చూడగా, ఇక్కడ ఒక్కొక్కరికి రాసే మందులు సగానికి తగ్గాయి. మందుల ఖర్చు ఆ రెండవ హోమ్ ఖర్చులో 38 శాతం మాత్రమే అయింది. మరణాలు 15 శాతం తగ్గాయి.

చిలుకలలో ఏ మహిమా లేదు. ఉదయం లేవగానే ‘దీనికి గింజలు వేయవలసింది నేనే’ అన్న తలంపులోనే ఉన్నది అసలు బలం. అంతవరకు సేవలు అందుకోవడం మాత్రమే తెలిసిన చేతికి, సేవ చేసే అవకాశం మళ్లీ దక్కింది. మనిషి ఎంత బలహీనుడైనా, తన అవసరం మరొక ప్రాణికి ఉన్నదని తెలిసినప్పుడు నిటారుగా కూర్చుంటాడు.

ఇంతకు పూర్వమే, 1976లో, ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక అంతస్తువారికి ‘మీ గది అమరిక, మీ సమయం, మీ నిర్ణయాలు మీవే’ అని చెప్పి, నచ్చిన మొక్కను ఎంచుకొని పెంచుకోమన్నారు. సినిమా ఏ రోజు చూడాలో కూడా వారి ఇష్టానికే విడిచారు. మరొక అంతస్తువారికీ మొక్కలు ఇచ్చారు, సినిమా చూపించారు. అయితే మొక్కకు నీరు పోసేది నర్సు. సినిమా రోజును నిర్ణయించేది సిబ్బంది. మూడు వారాల తరువాత పరిశీలిస్తే మొదటివారిలో 93 శాతం మందిలో మెరుగుదల కనిపించింది. రెండవవారిలో 71 శాతం మంది మరింత నీరసించారు. ఏడాదిన్నర తరువాత చూసినప్పుడు మరణాలు కూడా మొదటి అంతస్తులోనే తక్కువగా ఉన్నాయి. పాల్గొన్నవారి సంఖ్య వందలోపే కనుక మరణాల తేడాను తిరుగులేని రుజువుగా భావించరాదు. కాని ఒక విషయం మాత్రం ఆలోచింపజేస్తుంది. రెండు అంతస్తులలోనూ మొక్క ఉన్నది, సినిమా ఉన్నది. తేడా అంతా ‘ఎవరి ఇష్టం, ఎవరి బాధ్యత’ అన్నచోటనే.

శరీర వ్యాయామం విషయంలోనూ మనకు ఇటువంటి అపోహే ఉన్నది. ‘ఈ వయసులో ఇంకేమి కసరత్తు?’ అని అంటాం. 1994లో బోస్టన్‌లో 100 మంది నర్సింగ్ హోమ్ వృద్ధులపై జరిగిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. వారి సగటు వయసు 87 ఏళ్లు. పది వారాలపాటు కాళ్లకు బరువులతో వ్యాయామం చేసినవారి కండరాల బలం 113 శాతం పెరిగింది. మెట్లెక్కే శక్తి 28 శాతం పెరిగింది. వ్యాయామం లేకుండా పౌష్టిక ద్రవాహారం మాత్రమే తీసుకున్నవారి బలహీనత తగ్గలేదు. గ్లాసెడు పాలు, నాలుగు పండ్ల ముక్కలు మంచం దగ్గరకు చేర్చి మన కర్తవ్యం ముగిసిందనుకునేవారు గమనించవలసిన సంగతి ఇది. 65 ఏళ్లు దాటినవారు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, వారంలో మూడు రోజులైనా శరీర సమతౌల్యాన్ని, బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. గుండె జబ్బు, కీళ్ల నొప్పులు, తల తిరగడం వంటివి ఉన్నవారు వైద్యుని సలహాతో, పక్కన ఒకరి తోడుతో ప్రారంభించాలి.

ఇక వారి మాటల విషయం. దాదీ తన పెళ్లినాటి ముచ్చటను పదోసారి మొదలుపెట్టగానే పిల్లలు లేచిపోతారు. చెప్పిందే చెప్పడం చాదస్తమని మన భావన. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ వైద్యుడు ఈ భావనను సవరించాడు. గతాన్ని నెమరువేసుకోవడం మతిమరుపు లక్షణం కాదనీ, జీవితపు చివరి దశలో మనిషి తన బతుకును తాను సమీక్షించుకొనే సహజమైన ప్రక్రియ అనీ ఆయన వివరించాడు. అనేక హోమ్‌లలో నేడు పాత ఫొటోలు, పాత పనిముట్లు, పాత పాటలు ముందుంచి వృద్ధులచేత మాట్లాడించడం ఒక నిత్య కార్యక్రమమైంది. మన ఇళ్లలో దీనికి ఖర్చేమీ లేదు. ఒక పెట్టె, అందులో కొన్ని ఫొటోలు, ఎదురుగా కూర్చుని ‘ఈయన ఎవరు నానీ?’ అని అడిగే మనవరాలు ఉంటే చాలు. ఆ మాటలను ఫోనులో భద్రపరిస్తే వంశ చరిత్ర కూడా మిగులుతుంది.

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ నగరంలో హ్యుమానిటాస్ అనే వృద్ధుల నివాసం ఉన్నది. అక్కడ కొందరు కళాశాల విద్యార్థులకు అద్దె లేకుండా గదులు ఇచ్చారు. ప్రతిఫలంగా వారు నెలకు 30 గంటలు వృద్ధులకు మంచి పొరుగువారుగా మెలగాలి. వారు చేసేది వైద్యసేవ కాదు. కలిసి భోంచేస్తారు, కబుర్లు చెబుతారు, కంప్యూటర్ వాడకం నేర్పుతారు. మోకాలి నొప్పి గురించే సాగే సంభాషణలోకి ఆ విద్యార్థుల పరీక్షలు, స్నేహాలు, ప్రయాణాలు వచ్చి చేరాయి. బయటి లోకం తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది.

ఈ ఉదాహరణలనుండి మనం గ్రహించవలసినది ఏమిటి? వృద్ధులకు కాలక్షేపం కల్పించడం ఒకటి, వారికి స్థానం కల్పించడం మరొకటి. మొదటిది టీవీతో తీరుతుంది. రెండవది మన మనసు మారితేనే తీరుతుంది. ఈ రోజు ఏ కూర వండాలో అమ్మను అడగండి. అడిగి, ఆమె చెప్పినదే వండండి. పెరటిలో పుదీనా, కరివేపాకు, గోరింటాకు మొక్కల బాధ్యత ఆమెకు అప్పగించండి. ఆవకాయలో ఉప్పు కారాల పాళ్లు ఆమె చేతనే చెప్పించండి. పిల్లలకు ఖాయిదా చదివించడం, ఉర్దూ అక్షరాలు దిద్దించడం దాదాకు అప్పగించండి. పాలవాని లెక్క ఆయన రాస్తే తప్పులు వచ్చినా కొంప మునగదు. చేయి వణుకుతున్నదని గరిటె లాక్కోవద్దు, ఆలస్యమవుతుందని కుర్తా గుండీలు మీరే పెట్టవద్దు. త్వరగా ముగిసే పనికంటే తానే ముగించిన పని వారికి ఎక్కువ ఆరోగ్యాన్నిస్తుంది.

అలాగని బలవంతం చేయరాదు. కొందరికి నలుగురిలో కూర్చోవడం ఇష్టం, కొందరికి తస్బీహ్‌తో ఏకాంతంగా గడపడం ఇష్టం. ‘వద్దు’ అనగలగడం కూడా వారి హక్కే. జ్ఞాపకశక్తి క్షీణించినవారికి ఒకేసారి పది పనులు చెప్పక, చేతులకు అలవాటైన ఒక చిన్న పని, బట్టలు మడవడమో బఠాణీలు ఒలవడమో, అప్పగించాలి. చేసిన దానిలో తప్పులు ఎంచకూడదు.

తప్పనిసరి పరిస్థితులలో తల్లినో తండ్రినో ఆశ్రమంలో చేర్చవలసివచ్చినవారు అక్కడి గదులు, పరుపులు, పడకలు మాత్రమే చూసి తిరిగి రాకూడదు. మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లి చూడండి. ఆ వేళ అక్కడివారు ఏమి చేస్తున్నారు? ఎన్ని గంటలకు లేవాలో, ఏమి తినాలో ఎంచుకొనే వీలు వారికి ఉన్నదా? నీరు పోయడానికి ఒక మొక్క, నడవడానికి ఒక వసారా, మాట్లాడడానికి ఒక తోడు ఉన్నాయా? నమాజుకు, రంజాన్‌లో సహ్రీకి, ఇఫ్తార్‌కు ఏర్పాట్లు ఉన్నాయా? పిల్లలు వచ్చిపోతూ ఉంటారా? ఈ ప్రశ్నలకు ‘అవును’ అనే జవాబు వచ్చినచోటనే వారిని చేర్చండి. చేర్చిన తరువాత కూడా వెళుతూ ఉండండి. వెళ్లినప్పుడు పండ్ల సంచితోపాటు ఒక సమస్యను కూడా తీసుకువెళ్లండి. పెద్దమ్మాయి సంబంధం గురించో, కొనదలచిన స్థలం గురించో వారి సలహా అడగండి. పండ్లు రెండు రోజులలో అయిపోతాయి. తన సలహా కోసం బిడ్డ ఇంత దూరం వచ్చాడన్న తృప్తి మాత్రం మళ్లీ మీరు వచ్చేవరకు వారిని నిలబెడుతుంది.