కంటి కవచానికీ మరమ్మతు హక్కు

ఆర్క్ వెలుగు సోకగానే తనంతట తానే నల్లబడే వెల్డింగు హెల్మెట్ మూలపడితే, తరచు చెడిపోయేది అద్దం కాదు. లోపలి లిథియం బిళ్ల బ్యాటరీ. పైన సౌరఫలకం ఉన్నా ఈ బిళ్ల లేనిదే పనిచేయని నమూనాలు అనేకం. కొన్నింటిలో దాన్ని సులువుగా మార్చుకోవచ్చు. మరికొన్నింటిలో టంకం వేసి, పెట్టెను అతికించి మూసేస్తున్నారు. కొద్దిపాటి ఖరీదు చేసే బిళ్ల అయిపోతే, దానికి ఎన్నో రెట్లు విలువైన పరికరం చెత్తపాలవుతున్నది. కొత్తది కొనలేని కార్మికుడు నల్ల కళ్లద్దాలతోనే పనికి కూర్చుంటున్నాడు.

టంకం పని తెలిసినవారు ఇంట్లోనే పెట్టె విప్పి, అదే వోల్టేజి బిళ్లను అమర్చుకుంటున్నారు. ఇది తప్పు కాదు. అయితే హద్దు ఒకటున్నది. అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపే పొర విద్యుత్తు లేకున్నా పనిచేస్తుంది. ఫలకం పగిలితే మాత్రం ఆ రక్షణకు భరోసా లేదు. పగిలినదాన్ని బాగుచేయబూనరాదు, మార్చవలసిందే.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలను తొలుత ఎంచుకున్నది. కార్మికుల రక్షణ సాధనాలకు ఆ వరుసలో చోటు దక్కలేదు. బ్యాటరీ మార్చుకునే మూతను తప్పనిసరి చేయడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు. కన్ను పోయాక ఇచ్చే పరిహారం కంటే, మూతకు రెండు మరలు బిగించడం ఎంతో చవక.