ముక్కునకు చిక్కని విషము

వేరుసెనగకాయను చేతబట్టి యూపి, ఒలిచి, గింజను నోట వేసికొని వెలకట్టుట మన యంగళ్లయందు చిరకాలముగ చెల్లిన యాచారము. దీనిని మేము గర్హింపము. ముక్కిన ధాన్యమును, చెడిన నూనెను, విరిగిన పాలను మన పెద్దలు ముక్కుతోడను నాలుకతోడను కనిపెట్టిరి. ఆ విద్య చిన్నది కాదు. కాని యే యింద్రియమునకును చిక్కని చేటొకటి ఈ గింజయందే దాగియుండవచ్చును. దానికి వాసన లేదు, రుచి లేదు. దాని పేరు అఫ్లటాక్సిను.

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించు విషమిది. గింజ యూరు తరుణమున వాన లేక నేల కాగినను, త్రవ్వునపుడు కాయ పగిలినను, చాలినంత యెండకముందే గోతములకెక్కినను ఆ బూజు లోనికి చొచ్చును. పులివెందుల ప్రాంతపు రైతునకు ఈ కష్టములు క్రొత్తవి కావు. జమ్మలమడుగు నల్లరేగళ్ల పప్పుశనగయు, ధరకై గిడ్డంగులలో వేచియుండగా తేమ సోకినచో, బూజునకు లోబడును. 1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీకోళ్లు మరణింపగా, వాని మేతలో కలిపిన వేరుసెనగచెక్కయే కారణమని తేలెను. ఈ విషము లోకమునకు తెలిసినది అట్లు. 1974లో రాజస్థానము, గుజరాతు పల్లెలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా కాలేయవ్యాధిచే మృతినొందిరి. కొద్దికొద్దిగా ఏండ్లతరబడి కడుపులోనికి పోయినచో కాలేయమునకు రాచపుండు కలిగించునని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. ఉడికించినను, వేయించినను ఇది పూర్తిగా నశింపదు.

గింజను గానుగాడినపుడు ఈ విషములో నధికభాగము నూనెలోనికి పోక చెక్కయందే నిలుచును. ప్రొద్దుటూరునందైనను, మరియెచటనైనను ఆడిన చెక్క పాడిపశువుల తొట్లకు పోవును. పశువు తిన్న విషము రూపు మారి పాలలోనికి దిగును. ఆ పాలు పసిబిడ్డలు త్రాగుదురు. ఇది యూహ కాదు. 2018లో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ దేశమంతట 6,432 పాల నమూనాలను పరీక్షింపజేయగా, 368 నమూనాలలో ఈ విషము పరిమితిని మించియుండెను. నీళ్లు కలిపిన పాలను నిందించు మనము, పశువు తిన్న చెక్కను గూర్చి యెన్నడైన విచారించితిమా?

దీనిని పట్టుటకు సాధనములు లేకపోలేదు. వానిలో సులభమైనది చిన్న కాగితపుబద్ద. ఈ విషమును మాత్రమే పట్టుకొను ప్రతిరక్షకమును మిక్కిలి సూక్ష్మములగు బంగారురేణువులకు అంటించి దానియందుంచుదురు. గింజల పిండినుండి వడగట్టిన ద్రవము బద్దపై ప్రాకునపుడు, విషము లేనిచో ఎఱ్ఱని గీత నిలుచును. విషము పెరిగినకొలది గీత వెలవెలబోవును. బంగారపుటంగళ్లకు పేరొందిన ప్రొద్దుటూరునకు ఈ బంగారురేణువు పరాయిది కారాదు. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థ 2016లో ఇట్టి చేతిసాధనమును వెల్లడించి, పరీక్షకు 2 డాలర్ల లోపు వ్యయముతో పావుగంటలోపల ఫలితము తెలియుననియు, నూరుకోట్ల పాళ్లలో 10 పాళ్ల విషమునైనను అది చూపుననియు తెలిపెను. నూనె చెడునపుడు వెలువడు ఆవిరులను పసిగట్టు కృత్రిమనాసికలును రూపొందినవి. ఇవి పరిశోధనాలయములకును, ఎగుమతి వర్తకులకును మాత్రమే పరిమితములై యుండరాదు.

అయితే రైతులు దీనిని శంకింతురు. తేమ యని కొంత, మన్ను రాయి యని కొంత, తాలని కొంత తగ్గింపులు సహించినవారికి, పరీక్ష యనగానే మరియొక కోత తోచుట సహజము. ఆ శంక న్యాయమైనదే. కావుననే యంత్రము ఎవరిచేత నుండవలెనన్నది యంత్రముకంటె ముఖ్యమని మేము చెప్పుచున్నాము. కొనువాని చేతిలోని త్రాసును నమ్మనివారు, కొనువాని చేతిలోని బద్దను నమ్మ నక్కరలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వ్యవసాయ మార్కెటు కమిటీలు తమ వ్యయముతో, రైతు ఎదుటనే పరీక్ష జరుపవలయును. ఈ విషము రాశియంతట సమముగా నుండదు; వేల గింజలలో నొక్క గింజయందే మిక్కుటముగ నుండవచ్చును. ఒక గోతమునుండి తీసిన పిడికెడు గింజలతో తీర్పు చెప్పుట ఉభయులకు నన్యాయము. పెక్కు గోతములనుండి తీసి, పిండి చేసి, కలియబెట్టి పరీక్షింపవలయును. ఫలితమును వ్రాసి రైతుచేతి కీయవలయును. సమ్మతింపనివానికి రెండవ పరీక్ష నొసగవలయును. అన్నింటికి మించి, శుద్ధమైన సరకునకు హెచ్చు ధర పలుకవలయును. దండనయే గాని బహుమానము లేని పరీక్షను ఎవ్వరును ఆదరింపరు.

2021లో ఆంధ్రప్రదేశమున విత్తనములు, ఎరువులు పరీక్షించుటకు నియోజకవర్గములలో ప్రయోగశాలలు ఆరంభింపబడెను. విత్తునకు వలసిన పరీక్ష పంటకేల వలదు? నేరుగా తినెడు వేరుసెనగయందు కిలోకు 10 మైక్రోగ్రాముల విషమువరకు మన నిబంధనలు సహించును. ఐరోపావారు 4 మైక్రోగ్రాములకు మించి సహింపరు. ఓడనెక్కి యచటికి పోయిన సరకునకు పరీక్ష కలదు. అచట నిరాకరింపబడిన గింజ యెచటి కేగును? పరదేశీయుని యారోగ్యమునకై చూపు శ్రద్ధను మన బిడ్డలయెడ చూపకుండుట స్వాభిమానము గల జాతికి తగునా?

భూస్వాములకు మా మనవి యొక్కటి. సాధనము వచ్చువరకు చేతులు ముడుచుకొని యుండ నక్కరలేదు. గింజలోని తేమ నూటికి 8 పాళ్లకు దిగువరకు కాయను బాగుగ నెండబెట్టుడు. పగిలినవానిని, ముడుతపడినవానిని, రంగు మారినవానిని వేరుచేయుడు. కాని వేరుచేసిన యా తాలును కూలివారికి కొలువకుడు. పశువుల తొట్టిలో పోయకుడు. మంచి గింజ యంగడికి, ఏరివేసిన గింజ పేదవాని కడుపునకు అను తీరు అంతరింపనిచో, ఎన్ని యంత్రములు వచ్చినను విషము మన యూరు విడువదు.