విమానం కడగడం ఎవరి పని?

దసరా వస్తే మనవాళ్ళకి ఆయుధపూజ గుర్తొస్తుంది. బండి కడిగి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆఫీసులో మానిటర్‌ని కూడా వదలం, దానికీ కుంకుమ బొట్టే. ఆ ఒక్కరోజు తప్పితే కడగడం, తుడవడం ఎవరో వేరేవాళ్ళ పని. ఇంట్లో పనమ్మాయి, కారుకి వాచ్‌మన్, కోడుకైతే కొత్తగా చేరిన ఫ్రెషర్. ఈ పద్ధతి మీద నాకు చాలా కాలంగా చిరాకు. ఇవాళ విమానాన్ని అడ్డం పెట్టుకుని చెప్తాను.

ఇక్కడ అమెరికాలో మా టీమ్‌లో ఒకాయన మరో ముగ్గురితో కలిసి ఓ పాత సెస్నా 172 కొనుక్కున్నాడు. ఒకే ఇంజను, నాలుగు సీట్లు. (ఈ మోడల్ 1956 నుంచి అమ్ముతున్నారు, 44 వేలకి పైగానే తయారయ్యాయి.) ఆయన దాన్ని కడిగేటప్పుడు రెండు మూడుసార్లు నేనూ బకెట్టు పట్టుకుని వెళ్ళాను. కారు కడిగినట్టే కదా అనుకున్నా. అబ్బే, అసలు నీళ్ళ దాకా రావడానికే అరగంట పట్టింది.

ముందు టార్చిలైటు పట్టుకుని విమానం పొట్ట కిందకి దూరతాడు. ఇంజను బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే నూనె అక్కడ ఎప్పుడూ కాస్త ఉంటుంది. పోయినసారి కన్నా ఎక్కువుందా అన్నది ప్రశ్న. రెక్క కింద నీలం మరక కనిపిస్తే పెట్రోలు కారుతున్నట్టు, ఎందుకంటే వీటిలో పోసే 100ఎల్ఎల్ పెట్రోలుకి నీలం రంగు కలుపుతారు. రివెట్టు వెనకాల నల్లటి చార ఉంటే అది వదులై రాపిడవుతోందని అనుమానించాలి. ఎగ్జాస్టు గొట్టాల అతుకుల దగ్గర బూడిదరంగు పొడి కనిపిస్తే మాత్రం అస్సలు ఊరుకోకూడదు. క్యాబిన్ హీటర్‌కి వేడి వచ్చేది ఆ ఎగ్జాస్టు చుట్టూ తిరిగిన గాలి నుంచే. అక్కడ చిన్న పగులుంటే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా మనం కూర్చున్న చోటికి వస్తుంది. ఈ మరకలు చూడకుండా పైపు పెట్టి కడిగేశామంటే, మన భాషలో, లాగ్ ఫైలు చదవకుండా డిలీట్ చేసినట్టు.

ముందు అద్దం అసలు అద్దమే కాదు, యాక్రిలిక్. ఇంట్లో వాడే అమ్మోనియా క్లీనర్ కొడితే సన్నటి పగుళ్ళు తేలతాయి. ఉంగరం తీసేసి, బాగా నీళ్ళు పోసి, చేత్తో దుమ్ము వదిలించాకే మెత్తటి గుడ్డ. గుండ్రంగా తిప్పకుండా పైకీ కిందకీ తుడవాలి.

ఇక అసలు సంగతి. విమానం పక్కన స్టాటిక్ పోర్టు అని చిన్న చిల్లు ఉంటుంది. ఎత్తు, వేగం చూపించే మీటర్లకి బయటి గాలి పీడనం అందేది దాని ద్వారానే. కడిగేటప్పుడు నీళ్ళు పోకుండా దాన్ని మూస్తారు. 1996 అక్టోబర్ 2న లీమాలో బయల్దేరిన ఏరోపెరూ 603, బోయింగ్ 757, పెద్ద విమానమే, కానీ దానికీ ఆ చిల్లులే. శుభ్రం చేసేముందు అంటించిన టేపు తీయలేదు. అర్ధరాత్రి సముద్రం మీద పైలట్లకి ఎంత ఎత్తులో ఉన్నారో తెలియలేదు. 70 మందీ పోయారు. టేపు విమానం ఒంటి రంగులోనే ఉంది. పైన తనిఖీ చేయాల్సినవాళ్ళకీ కనపడలేదు, బయల్దేరే ముందు చుట్టూ తిరిగి చూసిన పైలట్‌కీ కనపడలేదు. టేపు తీయని కార్మికుడికి మాత్రం కోర్టులో శిక్ష పడింది.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట పాత టేబుళ్ళు శుభ్రం చేసే పని ఓ ఫ్రెషర్‌కి అప్పజెప్పారు. రోజూ ఒకే టైముకి డూప్లికేట్ రికార్డులు పడుతున్నాయని ఆ అమ్మాయి మెయిల్ పెట్టింది. "నీకిచ్చిన పని చూసుకోమ్మా" అన్నారు. రెండు నెలల తర్వాత కస్టమర్లకి బిల్లులు రెండేసి వెళ్ళాయి. అప్పుడు మాత్రం క్లీనప్ స్క్రిప్టు ఎవరిదని మొదట ఆ పిల్లనే పిలిచారు. తుడిచేవాళ్ళ కళ్ళు మనకి అక్కర్లేదు, తప్పు జరిగినప్పుడు వాళ్ళ పేరు మాత్రం కావాలి!

"గంటకి ఇంత సంపాదించేవాడు బకెట్టు పట్టడమేంటి, మనిషిని పెట్టుకోవచ్చుగా" అంటారు. పెట్టుకోండి. కానీ ఎగిరేది మీరైతే మరకలు చూడాల్సింది కూడా మీరే. ఏడాదికోసారి మెకానిక్ విప్పి చూసే యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ ఎలాగూ ఉంది, అది వాళ్ళ ఆయుధపూజ. మిగతా రోజుల సంగతేంటి? అక్కడి రూల్స్‌లో నాకు నచ్చిందేంటంటే, పైలట్ లైసెన్సున్న యజమాని తన విమానానికి తనే ఆయిలు మార్చొచ్చు, టైరు మార్చొచ్చు, స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేయొచ్చు. చేశాక లాగ్‌బుక్కులో ఏం చేశాడో రాసి, తేదీ వేసి, లైసెన్సు నంబరుతో సంతకం పెట్టాలి. ఉత్తినే కడగడానికి మాత్రం సంతకం అక్కర్లేదు. నా మటుకు నాకు అది లోటే.

మా ఆయన సొంతంగా ఒక కాగితం పెట్టుకున్నాడు. పిటో గొట్టానికొకటి, స్టాటిక్ పోర్టుకొకటి, రెక్క అంచున స్టాల్ హారన్ చిల్లుకొకటి, పెట్రోలు వెంటుకొకటి. అన్నిటికీ వేలాడే ఎర్ర రిబ్బన్లు. పెట్టినవి 4, తీసినవి 4. పెట్టింది ఆయనైతే తీసినవి లెక్కపెట్టేది రెండో మనిషి. పోయినసారి ఆ రెండో సంతకం నాది.