హాల్లోనా? ఇంట్లోనా?

కొంపల్లి సినీప్లానెట్‌లో టిక్కెట్టు కొనడమా, నాలుగు వారాలాగి ఇంట్లో కాళ్ళు చాపుకుని చూడడమా? మేడ్చల్, షామీర్‌పేట కుర్రకారుకి ఇదే ధర్మసందేహం! అందుకే ఈసారి మార్కులు రెండు పద్దుల్లో వేశాం. అన్నీ పదికే.

కల్కి 2898 ఏడీ (2024): నాగ్ అశ్విన్ హంగామా అంతా పెద్ద తెర కోసమే. అశ్వత్థామగా అమితాబ్ నిలువెత్తు రూపం టీవీలో చిక్కిపోయింది పాపం! హాల్లో 7, ఇంట్లో 5.

లక్కీ భాస్కర్ (2024): దుల్కర్ సల్మాన్ బ్యాంకు లెక్కలు అర్థంకాకపోతే రిమోట్ నొక్కి వెనక్కెళ్ళొచ్చు. రెండుచోట్లా 7.

35 చిన్న కథ కాదు (2024): సున్నాకి విలువ లేదంటూనే ఒకటి పక్కన పెడితే పదెందుకయిందని నిలదీసే తిరుపతి బుడతడు, వాడికోసం మళ్ళీ పుస్తకం పట్టిన తల్లి నివేదా థామస్. కథలో 35 వస్తే పాసు, మేం మాత్రం రెండుచోట్లా 8 ఇచ్చేశాం!

బలగం (2023): మార్చి 3న విడుదలై, ఆ నెలలోనే ఇంటికొచ్చేసింది. అయినా తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. ఫోనులో దొరికే బొమ్మకి అంత హడావిడి ఎందుకంటారా? అలిగి విడిపోయిన తోబుట్టువుల కథకి పక్కన నలుగురుంటేనే నిండుదనం. నలుగురిలో 9, ఒంటరిగా 7.

ఇక అసలు సంగతి. పెద్ద హీరో సినిమాకి మీరు వెళ్ళకపోయినా ఆటలు ఆగవు. చిన్న సినిమాకి మొదటి మూడు రోజులూ కుర్చీలు ఖాళీగా ఉంటే సోమవారానికి బొమ్మ ఎత్తేస్తారు. "చిన్న సినిమాయేగా, ఇంట్లో చూద్దాంలే" అనేముందు కాస్త ఆలోచించండి మరి!