శీతల మరుభూమిలో ఉద్యోగ నివాసం: తొందరపాటు తగదు

ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే వెసులుబాటు కలిగిన తరువాత మన యువతీయువకులు కొందరు ల్యాప్‌టాప్ వెంటబెట్టుకొని కొండ ఊళ్ళకు మకాం మారుస్తున్నారు. అట్టివారిని ఆకర్షిస్తున్న ఊళ్ళలో లడఖ్‌లోని లేహ్ ఒకటి. నిర్మలమైన ఆకాశాన్నీ, చెమట పట్టని వేసవినీ చూసి అది ఆరోగ్యానికి అనువైన చోటని తలచడం సహజమే. కాని, చోటు మంచిదైనంత మాత్రాన వెంటనే శరీరానికి సాత్మ్యం కాదు.

లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న శీతల ఎడారి. అక్కడ ఏడాది మొత్తానికి వాన, మంచు కలిసి సుమారు 100 మిల్లీమీటర్లు. 2020 అక్టోబరులో హైదరాబాదులో ఒక్కరోజునే అంతకు మించి కురిసింది! జూలై పగళ్ళు 25 డిగ్రీలతో హాయిగా ఉంటాయి. జనవరి రాత్రులు సున్నాకు 15 డిగ్రీల దిగువకు జారుతాయి. గొట్టాలలో నీరు గడ్డకడుతుంది. శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందే దానిలో మూడింట రెండు వంతులే.

ఆయుర్వేదం భూమిని జాంగల, ఆనూప, సాధారణ దేశాలుగా విభజించింది. నీరు తక్కువైన జాంగల దేశం వాతప్రధానం. దానికి చలి తోడైతే వాతం మరింత ప్రకోపిస్తుంది. చర్మం పగలడం, ముక్కు ఎండి రక్తం రావడం, మలబద్ధకం, నిద్రలేమి అందుకే కలుగుతాయి. ఋతువు మారేటప్పుడే పాత అలవాట్లను పద్నాలుగు రోజులలో క్రమంగా విడిచి, కొత్తవాటిని క్రమంగా చేపట్టాలని వాగ్భటుడు విధించాడు. ఢిల్లీ నుంచి విమానం గంటన్నర లోపే లేహ్‌లో దింపుతుంది. శరీరం మాత్రం అంత త్వరగా అక్కడికి చేరదు.

కనుక వెళ్ళదలచినవారు మొదటి మూడు రోజులు ఉద్యోగానికి సెలవు పెట్టి విశ్రమించాలి. పలుచని గంజి, పెసరకట్టు వంటి తేలికైన ఆహారం, గోరువెచ్చని నీరు తరచుగా తీసుకోవాలి. మద్యం, పొగ, నిద్రమాత్రలు కూడదు. శరీరం అలవాటు పడిన పిదప నువ్వులనూనెతో అభ్యంగనం, ముక్కు రంధ్రాలలో నేతిచుక్క, భోజనంలో నెయ్యి మేలు చేస్తాయి. అక్కడివారు వెన్న కలిపిన ఉప్పు తేనీరు, వేడి తుక్పా సేవించడంలోని మర్మం కూడా స్నిగ్ధమూ ఉష్ణమూ అయిన ఆహారమే.

అయితే ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. తలనొప్పి, వాంతులు కనిపిస్తే ఇంకా పైకి ఎక్కరాదు. కూర్చున్నా ఆయాసం రావడం, నడక తూలడం, మాట తడబడడం ప్రాణాపాయ సూచనలు. అప్పుడు శొంఠి కషాయం కాచుకుంటూ కూర్చోవడం వైద్యం కాదు. వెంటనే ప్రాణవాయువు పెట్టించి, ఆసుపత్రికి చేర్చి, తక్కువ ఎత్తుకు దింపడమే చికిత్స. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా ప్రయాణమే కట్టరాదు. చలికాలంలో తలుపులు బిగించి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించడం కూడా ప్రాణాంతకమే.

మా అభిప్రాయం ఇది: మైదానాల వారికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు లేహ్ నివాసం ఆహ్లాదకరం. ఆ నాలుగు నెలలు గడిపి, శరీరం ఒప్పుకున్నదని తెలిసిన పిదపనే శీతకాలపు మాట తలపెట్టాలి. పనిని ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. శరీరాన్ని మాత్రం నెమ్మదిగా తీసుకువెళ్ళాలి.