డజ్ నాట్ వర్క్

2009లో వరంగల్‌కి దగ్గర్లోని ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. కాంట్రాక్టు లెక్చరర్‌ని. ఫస్టియర్ పిల్లల టెన్సులు నా పాలిట పడ్డాయి. షేక్‌స్పియర్ రెగ్యులర్ వాళ్ళకి, రెగ్యులర్ వెర్బులు కాంట్రాక్టు వాళ్ళకి అని స్టాఫ్ రూములో జోకు వేసుకునేవాళ్ళం.

నేను ఎప్పుడూ 'వర్క్' అనే క్రియతోనే మొదలుపెట్టేదాన్ని. వర్క్, వర్క్స్, వర్కింగ్, వర్క్‌డ్. నాలుగే రూపాలు. ఐ, యు, వి, దే అందరూ ఉత్త 'వర్క్'తోనే సరిపెట్టుకుంటారు. హి, షి, ఇట్ దగ్గర మాత్రం చివర ఎస్ చేరుతుంది. 'కాదు' అని చెప్పాల్సి వస్తే ఆ ఎస్‌ని 'డజ్' లాగేసుకుంటుంది కాబట్టి 'డజ్ నాట్ వర్క్స్' అనకూడదు. తెలుగు మీడియం పిల్లలకి ఆ ఎస్ ఎక్కడొస్తుందో ఎక్కడ పోతుందో పట్టుబడడానికి నెలలు పట్టేది. చేస్తాను, చేస్తావు, చేస్తాడు అని మన క్రియ తోక చూస్తేనే ఎవరు చేస్తున్నారో తెలిసిపోతుంది. ఇంగ్లీషు క్రియ ఆ సంగతి దాదాపు చెప్పదు, ఉన్న ఒక్క ఎస్‌తోనే ఇంటర్వ్యూల్లో పరువు తీస్తుంది.

ఆ ఏడాది మీ కుటుంబం గురించి సింపుల్ ప్రెజెంట్‌లో పది వాక్యాలు రాయమన్నాను. ఒకమ్మాయి తండ్రి గురించీ తమ్ముడి గురించీ చక్కగా రాసి, తల్లి దగ్గరికొచ్చేసరికి 'మై మదర్ నాట్ వర్క్' అని రాసింది. నేను ఎర్ర సిరాతో మధ్యలో 'డజ్' చేర్చాను. పదికి తొమ్మిది మార్కులు వేశాను. నా దృష్టిలో ఆ వాక్యం బాగుపడింది.

డిసెంబరులో ఆ తల్లి ఏదో స్కాలర్‌షిప్పు కాగితం మీద వేలిముద్ర వేయడానికి కాలేజీకి వచ్చింది. పత్తికాయల మొనలు గీసుకుని వేళ్ళన్నీ చీరుకుపోయి ఉన్నాయి. ఇంకుప్యాడు మీద బొటనవేలు ఆనించడానికి తటపటాయించింది. "ఆఖరి బస్సు దొర్కుతదా మేడం? పొద్దుగాల పత్తి ఏరవోవాలె" అంది. ఆమె వెళ్ళాక కూతుర్ని పిలిచి, "అమ్మ పనిచేయదని రాశావేంటే?" అన్నాను. ఆ పిల్ల నాకేసి వింతగా చూసింది. "పనికి పోతది మేడం. జాబ్ చెయ్యదు గదా."

ఈ కథ చెప్పినప్పుడల్లా తోటి ఇంగ్లీషు అధ్యాపకుల నుంచి నాకు వచ్చే జవాబు ఒకటే. వ్యాకరణం చెప్పడం మన పని, వాక్యంలో విషయంతో మనకేం సంబంధం? ఈ మాట మగవాళ్ళు అంటే నాకు ఆశ్చర్యం లేదు. స్త్రీల భాష మీద సెమినార్లలో పేపర్లు చదివే స్నేహితురాళ్ళు కూడా అంటున్నారు. నేనూ చదివాను అలాంటి పేపర్లు. అందుకే ఈ కోపంలో సగం నా మీదే.

సింపుల్ ప్రెజెంట్ ఎందుకు వాడతారని ఏ పిల్లని అడిగినా రెండు జవాబులు అప్పజెప్తుంది. అలవాట్లకి, సార్వకాలిక సత్యాలకి. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, నాన్న ఆఫీసుకి వెళ్తాడు, అమ్మ వంట చేస్తుంది. తరతరాలుగా మనం బోర్డు మీద రాస్తున్న ఉదాహరణలివి. అమ్మ వంటనీ సూర్యోదయాన్నీ ఒకే గూట్లో పెట్టాక, ఆమె ఎప్పుడు మొదలుపెట్టిందనీ ఎప్పుడు ఆపుతుందనీ ఎవరడుగుతారు? సూర్యుడికి ఎవరైనా కూలి ఇస్తారా?

ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ సంగతి వేరు. 'షి హాజ్ బీన్ వర్కింగ్' అని ఊరుకుంటే వినేవాళ్ళు ఎప్పట్నించి అని అడుగుతారు. సిన్స్ కావాలి, ఫర్ కావాలి. అంటే గడియారం కావాలి. అలా గడియారం పెట్టి అడిగితే ఏమవుతుందో 2019లో మన దేశంలో జరిగిన టైమ్ యూజ్ సర్వే చూపించింది. జీతంలేని ఇంటి చాకిరీలో పాల్గొనే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు అందులోనే ఉన్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2011 జనాభా లెక్కల్లో ఇంటి చాకిరీ మాత్రమే చేసే మనిషి 'నాన్ వర్కర్'. ఆ పదమూ నా ఎర్ర సిరా చేర్చిన 'డజ్' లాంటిదే. వ్యాకరణ దోషం ఎంత వెతికినా దొరకదు.

తెలుగు ఇంతకంటే ఉదారమని నేననను. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఏకవచనంలోని స్త్రీ పశువులతో, జడపదార్థాలతో కలిసి అమహత్తుల్లో ఉంటుంది. నాన్న పనిచేస్తాడు, అమ్మ పనిచేస్తుంది, బావి దగ్గర మోటారూ పనిచేస్తుంది. అందుకేనేమో ఇంగ్లీషు క్రియకి ఆడామగా తేడా లేదని మావాళ్ళు మురిసిపోతారు. నిజమే, హి వర్క్‌డ్, షి వర్క్‌డ్. కానీ చెడిపోయిన మోటారుని ఇంగ్లీషులో ఏమంటారు? ఇట్ డజ్ నాట్ వర్క్. నేను ఆ అమ్మాయి తల్లికి పెట్టింది కూడా ఆ మూడు మాటలే. తెలుగులోనూ 'పనిచేయదు' అనే అంటాం. ఈ ఒక్క విషయంలో రెండు భాషలూ భలే కలిశాయి.

ఇంతాచేసి వర్క్ పుట్టుకతో అంత బుద్ధిమంతురాలేం కాదు. దాని పాత భూతకాల రూపం 'రాట్'. జనం నోళ్ళలో నలిగి నలిగి 'వర్క్‌డ్' అయింది. మా కాంట్రాక్టు వాళ్ళలో కొందరు రెగ్యులర్ అవడానికి 2023 దాకా పట్టింది కదా, క్రియలకీ టైము పడుతుందన్నమాట. వాడేవాళ్ళు మారిస్తే క్రియలూ మారతాయని పిల్లలకి చెప్పకుండా, ఎస్ తప్పితే మార్కు కోయడమే చదువనుకున్నాం. కుటుంబ వ్యాసాన్ని సింపుల్ ప్రెజెంట్‌లోనే ఎందుకు రాయించాలని మన స్త్రీవాద అధ్యాపకుల్లో ఎంతమందిమి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో అడిగాం? టెన్సుల క్లాసు తక్కువ పనని, జీతం తక్కువ వాళ్ళకి వదిలేశాం. ఆ జీతం తక్కువ వాళ్ళలో ఎక్కువమంది ఎవరో మీరే మీ స్టాఫ్ రూముల్లో లెక్కపెట్టుకోండి.

ఆ కాగితం తిరిగి తెమ్మని ఆ అమ్మాయితో చెప్పాను. నా 'డజ్' కొట్టేసి, వాక్యమంతా మళ్ళీ రాయమన్నాను, అమ్మని అడిగి, ఎప్పట్నించో కనుక్కుని. రెండ్రోజులకి స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"నా లగ్గం గాకముందు నుంచే అన్నది మేడం. దీనికి సిన్స్ పెట్టాల్నా, ఫర్ పెట్టాల్నా?"

సిన్స్ పెట్టమన్నాను.