టిక్కీలో చెయ్యి పెట్టి చూశారా?



పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక నరసరావుపేటలో మస్జిద్ బయట చాయ్ తాగుతుంటే ఒక కుర్రాడు నా చేతిలో రంగుల కాగితం పెట్టాడు. పైన 786. కింద పెద్ద అక్షరాలు: "సరుకు మీద ఫైనాన్స్. సూద్ కాదు, తిజారత్. లక్షకు నెలకు రెండు వేలు మునాఫా. అసలుకు గ్యారంటీ." కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి, గోదాముల్లో పత్తి తాకట్టు పెట్టుకుని వ్యాపారులకు డబ్బిస్తారట. వచ్చిన లాభం మనకు పంచుతారట. మాచర్లలో, గురజాలలో మీటింగులు కూడా అయిపోయాయట. "భాయ్, మునాఫా తీసుకోకుండా షేర్లుగా మార్చుకోండి. మూడేళ్లలో కంపెనీ పది రెట్లు అవుతుంది. ఇప్పుడు ఎక్కినోళ్లదే నసీబ్" అన్నాడు ఆ కుర్రాడు.

నేను ఆ కాగితం చింపలేదు. మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఎందుకంటే కొన్నేళ్ల కింద ఇలాంటి కాగితమే మా ఖాలా నా చేతిలో పెట్టింది.

ఖాలూ ఇంతెఖాల్ అయ్యాక ఖాలా మిషన్ కుట్టి, చిట్టీలు కట్టి, కూతురి నికాహ్ కోసం మూడు లక్షలు జమ చేసింది. "పఢే లిఖే బచ్చే, తూ దేఖ్‌కే బోల్. హలాల్ హై కీ నై?" అని అడిగింది. నేను చూసిందేమిటి? పైన ఉన్న అరబీ అక్షరాలు చూశాను. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఫొటో చూశాను. "ఫర్వాలేదు ఖాలా" అన్నాను. పద్నాలుగు నెలలు నెలకు ఆరు వేల చొప్పున వచ్చాయి. పదిహేనో నెల ఆఫీసుకు తాళం. వచ్చింది ఎనభై నాలుగు వేలు, పోయింది రెండు లక్షల పదహారు వేలు. నికాహ్ రెండేళ్లు వెనక్కి పోయింది. ఖాలా నన్ను ఒక్క మాట అనలేదు. "మేరా నసీబ్" అంది.

అది ఆమె నసీబ్ కాదు. నా గఫ్లత్. అందుకే ఈసారి నోరు మూసుకుని కూర్చోను.

మొదట ఆ "మునాఫా" సంగతి. లక్షకు నెలకు రెండు వేలు అంటే ఏమిటి? మన ఊళ్లలో దీనికి ఎప్పటినుంచో ఒక పేరుంది. రెండు రూపాయల వడ్డీ. నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. బజార్లో వడ్డీ వ్యాపారి తీసుకుంటే సూద్ అంటాం, ఛీ అంటాం. అదే లెక్కకు టోపీ పెడితే తిజారత్ అయిపోతుందా?

ముజారబత్ అంటే ఏమిటో ఏ ఆలిమ్ సాబ్‌ని అడిగినా చెప్తారు. డబ్బు ఒకరిది, కష్టం ఇంకొకరిది. లాభం వస్తే ముందే మాట్లాడుకున్న వాటా ప్రకారం పంచుకోవాలి. నష్టమొస్తే డబ్బు పెట్టినోడి డబ్బు పోతుంది, కష్టపడినోడి కష్టం పోతుంది. అసలుకు గ్యారంటీ ఇచ్చి, నెలకింత అని రూపాయల్లో ఖాయం చేసిన రోజే అది ముజారబత్ కాకుండా పోయింది. అంటే ఆ కాగితం మీదున్న నాలుగు ముక్కల్లో రెండు ముక్కలు మిగతా రెండింటిని అబద్ధం చేస్తున్నాయి. "తిజారత్" అని రాసి, దాని కిందే "గ్యారంటీ" అని రాశారు. ఏదో ఒకటి ఝూట్.

ఇక హిసాబ్. లక్ష తెచ్చిన ఏజెంటుకు పది వేలు కమీషన్ ఇస్తారనుకోండి. మిగిలింది తొంభై వేలు. ఆ తొంభై వేల మీద మీకు ఏడాదికి ఇరవై నాలుగు వేలు ఇవ్వాలి. అంటే నూటికి ఇరవై ఆరు దాటింది. ఆఫీసు కిరాయి, జీతాలు, కారు, బిర్యానీ మీటింగులు కలుపుకుంటే మిర్చి వ్యాపారి దగ్గర ముప్పై శాతం పైన వసూలు చేస్తే గాని గిట్టదు. కోల్డ్ స్టోరేజీలో నిజంగా సరుకున్న వ్యాపారికి ఆ సరుకు మీద బ్యాంకు ఇందులో సగం కంటే తక్కువకే అప్పిస్తుంది. మరి ముప్పై శాతానికి వీళ్ల దగ్గరికి వచ్చేదెవరు? బ్యాంకు వద్దన్నవాడు. సరుకు లేనివాడు. లేదా ఒకే సరుకును ఇద్దరికి చూపించినవాడు. నాలుగోవాడు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి.

ఇంకో లెక్క. లక్షకు నెలకు రెండు వేలంటే మీ లక్ష మీకు తిరిగి రావడానికే యాభై నెలలు పడుతుంది. అంతవరకూ మీరు తినేది లాభమో, మీ అసలో మీకే తెలియదు. "చూడు, నెల తప్పకుండా వస్తోంది" అనేది రుజువు కాదు. మా ఖాలాకు కూడా పద్నాలుగు నెలలు తప్పకుండా వచ్చింది.

తప్పకుండా రావడమే అనుమానం పుట్టించాలి. 2023లో క్వింటాల్ ఇరవై వేలు దాటిన మిర్చి, 2025 మొదట్లో ఎలా పడిపోయిందో పల్నాడు రైతుకు చెప్పాలా? కేంద్రం కలగజేసుకుని క్వింటాల్‌కు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఇరవై వేల సరుకు మీద పద్నాలుగు వేలు అప్పిచ్చిన కంపెనీ ఆ ఏడాది ఏమవుతుంది? వ్యాపారి సరుకును మీకే వదిలేసి పోతాడు. క్వింటాల్‌కు రెండు వేలకు పైగా నష్టం. నిజంగా మిర్చి మీద నడిచే వ్యాపారమైతే ఆ ఏడాది మన మునాఫా తగ్గాలి, అసలు కూడా కరగాలి. ధర ఎంత పడినా మీకు అదే రెండు వేలు వస్తోందంటే ఆ డబ్బు మిర్చిలోంచి రావడం లేదు. మీ తర్వాత చేరిన ఇంకో ఖాలా సంచీలోంచి వస్తోంది.

"కంపెనీ పది రెట్లు పెరుగుతుంది" అనే మాట గురించి. అప్పులిచ్చే కంపెనీ పెరగడం కంటే తేలికైన పని దునియాలో లేదు. అడిగినోడికల్లా ఇస్తే ఆర్నెల్లలో రెట్టింపు అవుతుంది. ఇవ్వడం ఎవరికైనా వచ్చు, తిరిగి రాబట్టడమే వ్యాపారం. మొండి బకాయిలు బయటపడేది ఆ తర్వాత. ఈలోపు పెరుగుదల చూసి షేర్లు కొన్నవాడు చేసింది తిజారత్ కాదు, అందాజా. అందాజా మీద డబ్బు పెట్టడాన్ని మన దీన్‌లో ఏమంటారో మీకు తెలుసు. ఒక్క కోడిపందెం ఓడి మాచర్ల వాళ్లు ఏడేళ్లు వలస పోయారన్న కథ వింటూ పెరిగిన గడ్డ ఇది. పందెం సంగతి మనకు బయటివాళ్లు నేర్పాలా?

మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం ఒకరోజు బజార్లో ధాన్యం కుప్ప దగ్గర ఆగి, లోపలికి చెయ్యి పెట్టి చూసిన సంగతి హదీసుల్లో ఉంది. పైన పొడిగా ఉంది, లోపల తడి. వాన పడిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. తడిసింది పైన పెట్టాలి కదా, జనం చూసేలా, అని ఆయన మందలించారు. మోసం చేసేవాడితో తనకు సంబంధం లేదన్నారు. గుంటూరు యార్డులో మన రైతు తెచ్చిన టిక్కీలో కొనేవాడు చెయ్యి పెట్టి, కాయ విరిచి, తేమ చూసిగాని ధర చెప్పడు. నూరు రూపాయల మిర్చికి అంత తహ్కీక్ చేసే మనం, మూడు లక్షలకు కాగితం పైన ఉన్న 786 చూసి ఊరుకుంటున్నాం.

చెయ్యి పెట్టకపోతే ఏమవుతుందో పెద్ద పెద్దవాళ్లకే తెలిసొచ్చింది. ముంబైలో నేషనల్ స్పాట్ ఎక్స్చేంజ్ అని ఒకటుండేది. గోదాములో సరుకు ఉంది, దాని మీద కొద్దిరోజులకు డబ్బు పెట్టండి, ఖాయంగా లాభం వస్తుంది అన్నారు. 2013 జూలై 31న ట్రేడింగ్ ఆగిపోయింది. దాదాపు పదమూడు వేల మంది, 5,600 కోట్ల రూపాయలు. గోదాములు తెరిచి చూస్తే చాలాచోట్ల చెప్పిన సరుకు లేదు. పెట్టినవాళ్లలో చదువుకున్నవాళ్లు, సేట్లు ఉన్నారు. ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదు.

మన హైదరాబాద్‌లో 2025 ఫిబ్రవరిలో ఫాల్కన్ కేసు బయటికొచ్చింది. అక్కడ సరుకు బదులు ఇన్వాయిస్‌లు. పెద్ద కంపెనీల నుంచి రావాల్సిన బిల్లుల మీద డబ్బు పెడితే ఏడాదికి ఇరవై రెండు శాతం దాకా ఇస్తామన్నారు. పోలీసులు చెప్పిన లెక్క ప్రకారం దాదాపు ఏడు వేల మంది నుంచి 1,700 కోట్లు వసూలైంది, 850 కోట్లు తిరిగి రాలేదు. ఆ బిల్లులే నకిలీవని ఆరోపణ. జనం డబ్బుతో కొన్నదంటూ ఈడీ శంషాబాద్‌లో ఒక విమానాన్నే స్వాధీనం చేసుకుంది.

ఇక హలాల్ పేరుతో జరిగినవి మనకు తెలియనివి కావు. హీరా గ్రూప్ ఏడాదికి 36 శాతం ఆశ చూపింది. లక్షా డెబ్బై వేలకు పైగా మంది, 5,600 కోట్లు అని ఈడీ లెక్క. 2018 అక్టోబరులో అరెస్టు. ఆ మరుసటి ఏడాది జూన్‌లో బెంగళూరు ఐఎంఏ కూలిపోయింది. అందులో పోయిన వాటిలో బేవాల జమా డబ్బుంది, దహేజ్ కోసం దాచిన డబ్బుంది, హజ్ కోసం దాచిన డబ్బుంది.

నాకు తెలుసు, మీరేమంటారో. "భాయ్, బ్యాంకు వడ్డీ హరాం. బంగారం ముట్టుకోలేం. భూమి మన తాహతు కాదు. గరీబోళ్లం ఏం చేయాలి?" ఇది సచ్చీ బాత్. మన ఇమాన్‌ను కాపాడుకుంటూ డబ్బు దాచుకునే దారి ఈ దేశంలో ఇరుకే. ఆ ఇరుకు చూసే వాళ్లు వస్తున్నారు. మన అవసరాన్ని కాదు, మన ఇమాన్‌నే తాకట్టు పెట్టుకుంటున్నారు. కాని దారి ఇరుకుగా ఉందని బావిలో దూకం కదా.

నిజంగా సరుకు మీద హలాల్ వ్యాపారం చేయొచ్చు. కంపెనీ తన డబ్బుతో మిర్చి కొనాలి, తన ఖబ్జాలోకి తీసుకోవాలి, ధర పడితే తనే భరించాలి, తర్వాత తన లాభం ఎంతో చెప్పి అమ్మాలి. అలాంటిది ఉంటే చూపించండి, నేనే ముందు నిలబడతాను. చూపించేముందు ఈ సవాళ్లకు జవాబు తీసుకురండి. జనం నుంచి డిపాజిట్లు తీసుకునే ఇజాజత్ రిజర్వ్ బ్యాంకు నుంచి ఉందా? ఇజాజత్ ఉన్న ఫైనాన్స్ కంపెనీలు కూడా డిపాజిట్ మీద ఏడాదికి పన్నెండున్నర శాతం దాటి ఇవ్వడానికి వీల్లేదు. మరి వీళ్లు ఇరవై నాలుగు ఎలా ఇస్తున్నారు? సరుకున్న గోదాముకు డబ్ల్యూడీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉందా? ఎలక్ట్రానిక్ రసీదు ఎవరి పేరు మీద ఉంది? షేర్లంటున్నారు, అవి ఎక్కడ అమ్ముకోవచ్చు, కొనేవాడెవడు? పోయిన ఏడాది ఎంత అప్పు తిరిగి రాలేదు? జవాబు రాకపోతే చాయ్ డబ్బులిచ్చి లేచి రండి. 2019లో వచ్చిన చట్టం ప్రకారం ఇజాజత్ లేని డిపాజిట్ స్కీములు నడపడమే జుర్మ్. రిజర్వ్ బ్యాంకు సచేత్ పోర్టల్‌లో షికాయత్ ఇవ్వొచ్చు. డబ్బు పోయాక కాదు, కాగితం చేతికొచ్చిన రోజే.

చివరిగా రెండు మాటలు, ఇవి కొంచెం కఠినంగానే ఉంటాయి.

కమిటీ పెద్దల్లారా, మస్జిద్ గేటు దగ్గర ఎవడో కాగితాలు పంచుతుంటే చూస్తూ ఊరుకుంటే జనం మీరు ఒప్పుకున్నారనే అనుకుంటారు. మీ ఖామోషీ కూడా ఒక సంతకమే.

ఏజెంట్ తమ్ముళ్లారా, మీకు ఉద్యోగాలు లేవని నాకు తెలుసు. కాని నీ కమీషన్ కోసం నీ చాచీ మెడలో లచ్ఛా అమ్మిస్తున్నావు. కంపెనీవాడు రాత్రికి రాత్రి పోతాడు. ఈద్‌కు అదే వీధిలో, అదే చాచీ ఎదురుగా నడవాల్సింది నువ్వే. నేను ఆ వీధిలో నడుస్తున్నాను, ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆ రంగుల కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. వచ్చే జుమ్మాకు తీసుకెళ్తున్నాను. ఆ కుర్రాడు వస్తే, అందరి ముందు ఒక్కటే అడుగుతాను: బేటా, ఏ కోల్డ్ స్టోరేజీ, ఏ గది, ఎన్ని టిక్కీలు? పద, చెయ్యి పెట్టి చూసొద్దాం.

ఖుదా హాఫిజ్.